తెగిన డౌన్‌లోడ్, మిగిలిన సగం: ఒక కళాశాల ల్యాబ్‌లో ప్యాకేజీల కేస్ స్టడీ

గోదావరి జిల్లాల్లోని ఒక ఇంజనీరింగ్ కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌లో సెమిస్టర్ మొదలయ్యే లోపు ప్రతి కంప్యూటర్‌లోనూ కంపైలర్లు, ఒక డేటాబేస్, జూపిటర్ నోట్‌బుక్, మెషీన్ లెర్నింగ్ ప్రాక్టికల్స్ కోసం పైటార్చ్ సిద్ధంగా ఉండాలి. కంప్యూటర్లన్నింటిలోనూ ఉబుంటు 22.04 అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ప్రతిదీ తనకు కావలసిన ప్యాకేజీలను (ఇన్‌స్టాల్ చేయడానికి కట్టగట్టి ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఫైళ్లను) తానే నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. కళాశాల మొత్తానికి ఉన్నది ఒకే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్. దానికి ముందు ఒక లాగిన్ పేజీ ఉంటుంది, కొంతసేపటికి సెషన్ గడువు తీరి మళ్లీ లాగిన్ అడుగుతుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు వరండాలోని నెట్‌వర్క్ స్విచ్ ఆగిపోతుంది, యూపీఎస్ బ్యాటరీ పాడైన కంప్యూటర్లూ ఆగిపోతాయి. ఈ పరిస్థితుల్లో "డౌన్‌లోడ్ పూర్తి కావడం లేదు" అన్న ఫిర్యాదు నా దగ్గరకు వచ్చింది. కారణం తేల్చడంతో పాటు సెమిస్టర్ పొడవునా నిలిచే ఏర్పాటు చేయడం నా పని.

ల్యాబ్ సిబ్బంది అప్పటికే ఒక వివరణకు వచ్చేశారు: నెట్ బాగాలేదు. అది అబద్ధం కాదు. కానీ అదే అసలు కారణమైతే అన్ని కంప్యూటర్లూ ఒకే తీరున విఫలం కావాలి, అలా జరగడం లేదు. ల్యాబ్ టెక్నీషియన్ చెప్పిన ఒక మాట దగ్గర నేను ఆగాను. "సార్, మధ్యలో నెట్ పోయినప్పుడు ఆగినకాడి నుంచే వస్తోంది. కరెంటు పోయినప్పుడు మాత్రం మొదట్నుంచీ వస్తోంది. సర్వర్ అదే, ఫైలు అదే." అతను గమనించింది సరైనదే. తెగిన డౌన్‌లోడ్‌ను ప్యాకేజీ మేనేజర్ (ప్యాకేజీలను తెచ్చి ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్) ఏ ఆధారంతో కొనసాగిస్తుందో ఆ తేడాలోనే ఉంది.

విఫలమైన సందర్భాల లాగ్‌లను ఒకచోట పెట్టి చూస్తే, ఒకే ఫిర్యాదు కింద మూడు వేర్వేరు లోపాలు కనిపించాయి. మొదటిది టెక్నీషియన్ చెప్పినది: ఉబుంటు ప్యాకేజీ మేనేజర్ అయిన ఆప్ట్ ఒక్కోసారి కొనసాగిస్తుంది, ఒక్కోసారి కొనసాగించదు. రెండోది, డౌన్‌లోడ్ ముగిసినట్లే కనిపించి "హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్" అన్న సందేశంతో ఫైలును తిరస్కరించడం (హ్యాష్ అంటే ఫైలులోని విషయం నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి విలువ). మూడోది పైథాన్ ప్యాకేజీలను తెచ్చే పిప్‌కు సంబంధించినది: ఎన్నిసార్లు తెగితే అన్నిసార్లూ సున్నా నుంచి మొదలవుతుంది, పెద్ద ఫైలైతే ఎప్పటికీ పూర్తి కాదు. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. "మళ్లీ కొట్టి చూడండి" అన్న సలహా మొదటిదానికి కొంతవరకు పనిచేస్తుంది, రెండోదానికి పనిచేయదు, మూడోదానికి ఉన్న నెట్‌ను కూడా వృథా చేస్తుంది.

సగం ఫైలు తేదీ

ఆప్ట్ ఒక ప్యాకేజీని తెచ్చేటప్పుడు ముందు దానిని వార్ కింద క్యాష్, ఆప్ట్, ఆర్కైవ్స్ ఫోల్డర్‌లోని పార్షియల్ అనే లోపలి ఫోల్డర్‌లో రాస్తుంది. ఫైలు పూర్తయి, హ్యాష్ సరిపోయిన తరువాతనే అది పై ఫోల్డర్‌లోకి వస్తుంది. అంటే ఆర్కైవ్స్‌లో కనిపించే ప్రతి డెబ్ ఫైలూ (ఉబుంటు ప్యాకేజీ ఫైలు) తనిఖీ దాటినది, పార్షియల్‌లో ఉన్నదేదీ ఇంకా నమ్మదగినది కాదు. డౌన్‌లోడ్ మధ్యలో తెగితే ఆ సగం ఫైలు పార్షియల్‌లోనే ఉండిపోతుంది. తరువాతి ప్రయత్నంలో ఆప్ట్ దాని సైజు చూసి, "ఇన్ని బైట్లు నా దగ్గర ఉన్నాయి, ఆ తరువాతివి పంపు" అని రేంజ్ అనే హెడర్‌తో (అభ్యర్థన వెంట వెళ్లే సమాచారపు వరుసతో) సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ ఒప్పుకుంటే 206 కోడ్‌తో మిగిలిన భాగం మాత్రమే పంపుతుంది. ఒప్పుకోకపోతే 200 కోడ్‌తో మొత్తం ఫైలును మొదటి నుంచీ పంపుతుంది.

చాలామంది వివరణ ఇక్కడితో ఆగిపోతుంది, అసలు మెలిక దీని తరువాతే ఉంది. రేంజ్‌తో పాటు ఆప్ట్ ఇఫ్-రేంజ్ అనే మరో హెడర్‌నూ పంపుతుంది. దాని అర్థం: "నా దగ్గర ఉన్న సగం ఈ తేదీన సవరించిన ఫైలుది. నీ దగ్గర ఇప్పుడున్నదీ అదే తేదీదైతేనే మిగిలిన సగం ఇవ్వు, లేకపోతే మొత్తం పంపు." ఈ జాగ్రత్త లేకపోతే సర్వర్‌లో ఫైలు మారిపోయిన సందర్భంలో పాత ఫైలు మొదటి సగానికి కొత్త ఫైలు రెండో సగం అతుక్కుంటుంది. ఒకే పుస్తకం రెండు ముద్రణల నుంచి చెరి సగం చించి కలిపి కుట్టినట్లు, పేజీల సంఖ్య సరిపోయినా వాక్యం కలవదు. తేదీ పోలికలో దగ్గరగా ఉంటే చాలన్న సడలింపు హెచ్‌టీటీపీ ప్రమాణంలో లేదు, రెండూ అక్షరాలా ఒకటే కావాలి.

ఆ తేదీని ఆప్ట్ ఎక్కడా ప్రత్యేకంగా రాసి పెట్టుకోదు. సగం ఫైలుకు ఫైల్‌సిస్టమ్‌లో ఉన్న సవరణ తేదీనే వాడుకుంటుంది. బైట్లు రాస్తున్నంతసేపూ ఆ తేదీ ఆ క్షణపు తేదీయే అవుతుంది కాబట్టి, డౌన్‌లోడ్ ఆగగానే ఆప్ట్ చేసే చివరి పని సర్వర్ చెప్పిన అసలు తేదీని ఆ ఫైలుకు తగిలించడం. నెట్ పోయి గడువు దాటినా, మనమే ప్రోగ్రామ్‌ను ఆపినా ఆ చివరి పని జరుగుతుంది, ఎందుకంటే ప్రోగ్రామ్ ఆగే ముందు దానికి ఆ కాస్త వ్యవధి దొరుకుతుంది. కరెంటు పోతే ఆ వ్యవధి ఉండదు. సగం ఫైలు ఉంటుంది, కానీ దాని మీద ఉన్నది కరెంటు పోయిన నిమిషపు తేదీ.

ఇది ఊహగా మిగలకూడదని ఒక కంప్యూటర్ మీద రెండు పద్ధతుల్లోనూ కావాలని డౌన్‌లోడ్‌ను తెంపి చూశాం. పెద్ద ప్యాకేజీ ఒకటి సగం వచ్చాక నెట్‌వర్క్ కేబుల్ పీకి, ఆప్ట్ విఫలమయ్యే దాకా ఆగి, పార్షియల్‌లోని ఫైలును స్టాట్ కమాండ్‌తో చూస్తే, సవరణ తేదీ కొన్ని నెలల కిందటిది. అంటే ఆ ప్యాకేజీని ఉబుంటు ఆర్కైవ్‌లో (ప్యాకేజీలన్నీ ఉండే సర్వర్‌లో) పెట్టిన నాటి తేదీ. కేబుల్ తగిలించి, ఆప్ట్‌లోని హెచ్‌టీటీపీ డీబగ్ ఆప్షన్‌తో అదే కమాండ్ మళ్లీ ఇస్తే, తెర మీద అభ్యర్థనలో ఆ పాత తేదీ, జవాబులో 206 కనిపించాయి. తరువాత అదే ప్యాకేజీని మొదటి నుంచి తెస్తూ సగంలో కంప్యూటర్ ప్లగ్ పీకేశాం. మళ్లీ ఆన్ చేశాక సగం ఫైలు అక్కడే ఉంది, తేదీ మాత్రం ఆనాటిది. కమాండ్ ఇవ్వగానే వచ్చిన జవాబు 200, ఫైలు మొదటి బైటు నుంచి మొదలైంది. టెక్నీషియన్ చెప్పిన తేడా యావత్తూ ఆ ఒక్క తేదీలో ఉంది.

దీనిని లోపం అనవచ్చునా అన్న చర్చ ల్యాబ్‌లో జరిగింది. టచ్ కమాండ్‌తో ఆ ఫైలుకు సరైన తేదీ తగిలిస్తే ఆప్ట్ కొనసాగిస్తుంది కదా, ఆ పని చేసే చిన్న స్క్రిప్ట్ రాసి పెట్టండి అని ఒక అధ్యాపకుడు సూచించారు. నేను ఒప్పుకోలేదు. కరెంటు పోయిన క్షణంలో ప్రోగ్రామ్ రాశానని అనుకున్న బైట్లన్నీ డిస్కు మీదకు చేరి ఉంటాయన్న హామీ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ వాటిని కొంతసేపు మెమరీలోనే ఉంచుకుంటుంది. అలాంటి సగాన్ని నమ్మి మిగిలిన సగాన్ని అతికిస్తే, చివర్లో హ్యాష్ తప్పి మొత్తం పారేయాల్సి రావచ్చు, అప్పుడు పోయే సమయం ఇంకా ఎక్కువ. ఆప్ట్ ఇక్కడ చూపుతున్నది మొండితనంలా ఉన్నా, ఫలితం మాత్రం సరైన వైపే ఉంది. బాగు చేయాల్సింది ఆప్ట్‌ను కాదు, బ్యాటరీ లేని యూపీఎస్‌ను.

ఈ సందర్భంలోనే మరో అలవాటు బయటపడింది. ఏ లోపం వచ్చినా ముందు ఆప్ట్-గెట్ క్లీన్ ఇవ్వడం సిబ్బందికి ఆనవాయితీ అయిపోయింది. ఆ కమాండ్ పూర్తయిన ప్యాకేజీలతో పాటు పార్షియల్‌లోని సగాలను కూడా తుడిచేస్తుంది. నెట్ తెగినందువల్ల ఆగిన డౌన్‌లోడ్‌కు ఈ చికిత్స చేస్తే, ఆప్ట్ కాపాడి ఉంచిన దానిని మనమే పారేసినట్లు.

లాగిన్ పేజీ ప్యాకేజీగా వచ్చినప్పుడు

రెండో లోపం స్వభావం పూర్తిగా వేరు. ఇక్కడ డౌన్‌లోడ్ తెగదు, దారి మళ్లుతుంది. ఉబుంటు ఆర్కైవ్‌కు ఆప్ట్ మామూలుగా ఎన్‌క్రిప్షన్ లేని హెచ్‌టీటీపీ మీదే వెళుతుంది. సెషన్ గడువు తీరాక వెళ్లే అభ్యర్థనను మధ్యలోని గేట్‌వే పట్టుకుని, ఆర్కైవ్ బదులు తన లాగిన్ పేజీని 200 కోడ్‌తో అందిస్తుంది. ఆప్ట్ దృష్టిలో సర్వర్ జవాబు ఇచ్చింది, ఫైలు వచ్చింది. అయితే ఆ ఫైలు డెబ్ ప్యాకేజీ కాదు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే హెచ్‌టీఎంఎల్ పేజీ.

దీనివల్ల సిస్టమ్‌లోకి చెత్త చేరకపోవడానికి కారణం ఆప్ట్‌లోని తనిఖీల గొలుసు. ఆర్కైవ్‌లోని ఇన్‌రిలీజ్ ఫైలు మీద ఉబుంటు డిజిటల్ సంతకం ఉంటుంది. అందులో ప్యాకేజీల సూచికల హ్యాష్‌లు ఉంటాయి, సూచికల్లో ఒక్కో డెబ్ ఫైలు సైజు, ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ ఉంటాయి. మధ్యలో ఎవరు ఏం అంటించినా చివరి పోలిక దగ్గర దొరికిపోతుంది. అందుకే రహస్యం లేని దారిలో వచ్చినా ప్యాకేజీని నమ్మవచ్చు. సమస్య భద్రతది కాదు, సందేశాలది. ప్యాకేజీ బదులు లాగిన్ పేజీ వచ్చినప్పుడు ఒకసారి "హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్" అని, ఒకసారి "ఫైలు సైజు అనుకున్నట్లు లేదు, మిర్రర్ సింక్ జరుగుతోందా?" అని వస్తుంది. రెండోదాన్ని చదివిన సిబ్బంది మిర్రర్‌నే (ఆర్కైవ్ నకలు ఉంచే సర్వర్‌నే) తప్పుపట్టి, ఒకదాని తరువాత ఒకటిగా మిర్రర్లు మార్చుతూ పోయారు. ఏ మిర్రర్ పెట్టినా మధ్యలో ఉన్న గేట్‌వే అదే.

నిజం చెప్పే సందేశం సూచికలను తాజా చేసుకునే ఆప్ట్ అప్‌డేట్ దశలో వస్తుంది. ఇన్‌రిలీజ్ ఫైలు బదులు లాగిన్ పేజీ వస్తే, సంతకం ఉండాల్సిన రూపంలో ఫైలు లేదని "నోస్‌ప్లిట్" అన్న మాటతో ఫిర్యాదు చేస్తూ, ఈ నెట్‌వర్క్‌కు లాగిన్ అవసరమా అని ఆప్ట్ ప్రశ్న కూడా వేస్తుంది. లాగ్‌లలో ఆ ప్రశ్న చాలా చోట్ల ఉంది, ఎర్ర అక్షరాల వరుసలో ఎవరూ చివరి దాకా చదవలేదు. అందువల్ల "హ్యాష్" అన్న మాట కనిపించగానే చేయాల్సిన మొదటి పని అదే కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి లాగిన్ అడుగుతోందేమో చూడడమేనని నిర్ణయించి, ఆ మాటను ల్యాబ్ గోడ మీద అంటించాం.

హ్యాష్ తేడాకు మరో కారణం కూడా ఉండవచ్చు, దానిని ఇక్కడ కొట్టిపారేయడానికి కొంత పరిశీలన అవసరమైంది. ఆర్కైవ్ తాజా అవుతున్న సమయంలోనే మనం సూచికలు తెచ్చుకుంటే, లేదా మధ్యలోని క్యాష్ పాత సూచికను ఇస్తే, కొత్త ఇన్‌రిలీజ్‌కూ పాత సూచికకూ పొంతన కుదరదు. దీనికి ఉబుంటు, డెబియన్ ఆర్కైవ్‌లు బై-హ్యాష్ అనే ఏర్పాటు చేశాయి. సూచికను దాని పేరుతో కాక దాని హ్యాష్‌నే చిరునామాగా చేసి అడగడం దాని సారం. పాతది పాత చిరునామాలోనూ, కొత్తది కొత్త చిరునామాలోనూ ఉంటాయి కాబట్టి ఒకటి అడిగితే మరొకటి రాదు. మా ఇన్‌రిలీజ్ ఫైళ్లలో ఆ అనుమతి ఉంది, అభ్యర్థనలు కూడా ఆ పద్ధతిలోనే వెళుతున్నాయి. కనుక ఈ ల్యాబ్‌లో హ్యాష్ తేడాలకు లాగిన్ పేజీయే కారణమని తేల్చాం.

పిప్, ఎప్పటికీ చేరని ఫైలు

పైటార్చ్ సంగతి వేరు. లైనక్స్ కోసం పైపీఐలో (పైథాన్ ప్యాకేజీలను ఉంచే ఆన్‌లైన్ భాండాగారంలో) ఉన్న దాని వీల్ ఫైలు, అంటే పైథాన్ ప్యాకేజీ ఫైలు, 2.2.0 వెర్షన్‌లో 700 ఎంబీకి పైనే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు కోసం అది లాక్కొచ్చే ఎన్‌విడియా లైబ్రరీలు కలిపితే మొత్తం 2 జీబీ దాటుతుంది. ఉబుంటు 22.04తో వచ్చే పిప్ వెర్షన్ 22.0.2. ఆ వెర్షన్‌కు తెగిన డౌన్‌లోడ్‌ను కొనసాగించడం తెలియదు. రీట్రైస్ అనే ఆప్షన్ ఉంది, మామూలుగా దాని విలువ 5, గడువు 15 సెకన్లు. అయితే ఆ మళ్లీ ప్రయత్నాలు కనెక్షన్ కుదిరి జవాబు మొదలయ్యే వరకే వర్తిస్తాయి. ఫైలు బైట్లు రావడం మొదలయ్యాక మధ్యలో తెగితే అవి అక్కరకు రావు. రీట్రైస్ విలువ ఎంత పెంచినా ఫలితం మారకపోవడానికి కారణం ఇదే.

తెగినప్పుడు కనిపించే సందేశం కూడా భయపెట్టేలా ఉంటుంది. కొన్నిసార్లు రీడ్ టైమ్ అవుట్ అని సూటిగానే వస్తుంది. ఇంకొన్నిసార్లు సగంలో ముగిసిన ఫైలును పూర్తయిందనుకుని హ్యాష్ పోల్చి, ఇవి హ్యాష్‌లకు సరిపోవడం లేదు, ఎవరైనా ప్యాకేజీని మార్చి ఉండవచ్చు అని పెద్ద అక్షరాల్లో హెచ్చరిస్తుంది. ఒక విద్యార్థి దానిని చూసి ల్యాబ్‌లో వైరస్ ఉందని ఫిర్యాదు కూడా రాశాడు. అక్కడ వైరస్ లేదు, బైట్లు తగ్గాయి, అంతే. వీల్ అనేది నిజానికి జిప్ ఫైలు, జిప్‌లో విషయసూచిక చివర ఉంటుంది కాబట్టి చివర తెగిన వీల్‌ను తెరవడమే సాధ్యం కాదు. ఆ సగం దేనికీ పనికిరాదు.

ఇక్కడ పరిష్కారం కోసం వెతికే ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది: ఇంత పెద్ద ఫైలు అసలు కావాలా? ల్యాబ్‌లోని ఏ కంప్యూటర్‌లోనూ ఎన్‌విడియా కార్డు లేదు. పైటార్చ్ వాళ్లు ప్రాసెసర్ మీద మాత్రమే నడిచే వీల్‌లను వేరే సూచికలో ఇస్తారు, అవి చాలా చిన్నవి, ఎన్‌విడియా లైబ్రరీలేవీ అడగవు. ఇండెక్స్ యూఆర్‌ఎల్ ఆప్షన్‌లో ఆ చిరునామా ఇవ్వగానే మోయాల్సిన బరువులో చాలా భాగం తగ్గిపోయింది. ఈ కేసు మొత్తంలో అతి తక్కువ శ్రమతో అతి ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్పు ఇదే, దీనికి నెట్‌వర్క్ పరిజ్ఞానం ఏమీ అక్కర్లేదు.

మిగిలిన ఫైళ్ల విషయంలో పిప్‌నే కొత్తది చేసుకున్నాం. 2025లో వచ్చిన 25.1 వెర్షన్‌లో తెగిన చోటు నుంచి కొనసాగించే ఆప్షన్ చేరింది, 25.2 నుంచి అది అడగకుండానే పనిచేస్తోంది. సిస్టమ్ పిప్‌ను కదిలించకుండా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (సిస్టమ్‌కు విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డర్‌లో) దానిని కొత్త వెర్షన్‌కు మార్చడం మంచిది. సిస్టమ్‌లోని పైథాన్ ప్యాకేజీలు ఆప్ట్ అధీనంలో ఉంటాయి, ఒకే ఫైళ్లకు ఇద్దరు యజమానులు ఉంటే తరువాత ఇంకో కేస్ స్టడీ రాసుకోవాల్సి వస్తుంది.

డబ్ల్యుగెట్‌తో అతికించడం ఎప్పుడు సరైనది

పిప్ మార్చక ముందు టెక్నీషియన్ ఒక దారి కనిపెట్టాడు: వీల్ ఫైలు యూఆర్‌ఎల్ తీసుకుని, ఫైళ్లు డౌన్‌లోడ్ చేసే డబ్ల్యుగెట్ కమాండ్‌లో మైనస్ సి (కొనసాగింపు) ఆప్షన్‌తో తేవడం. అది తెగిన ప్రతిసారీ ఆగినచోటి నుంచే కొనసాగుతుంది. అదే పద్ధతిని ఒక సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌కూ వాడితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆర్కైవ్ పాడైందని వచ్చింది. ఒకే పద్ధతి ఒకచోట పనిచేసి, ఇంకొకచోట ఎందుకు చెడింది అన్నది ఈ విషయానికంతటికీ ఇరుసు లాంటిది.

డబ్ల్యుగెట్ మైనస్ సి రేంజ్ మాత్రమే పంపుతుంది, ఇఫ్-రేంజ్ పంపదు. సర్వర్‌లో ఫైలు మారిందో లేదో అది పట్టించుకోదు, ఫలానా బైటు తరువాతివి ఇవ్వమని మాత్రమే అడుగుతుంది. సర్వర్‌లోని ఫైలు మారి ఉంటే పాడైన ఫైలు మిగులుతుందని దాని మాన్యువల్ కూడా హెచ్చరిస్తుంది. సిమ్యులేటర్ సంస్థ ఇచ్చిన లింక్ చివర "లేటెస్ట్" అని ఉంది. ఒక రోజు సగం వచ్చి ఆగింది, తరువాత కొనసాగించే నాటికి ఆ లింక్ వెనుక కొత్త వెర్షన్ చేరింది. పేరు అదే, లోపలిది వేరు.

పైపీఐలో అలా జరగదు. ఒకసారి ఎక్కించిన ఫైలు పేరుతో వేరే ఫైలును మళ్లీ ఎక్కించడానికి పైపీఐ ఒప్పుకోదు, ఆ ఫైలును తొలగించినా సరే ఆ పేరు మళ్లీ దొరకదు. పైగా డౌన్‌లోడ్ చిరునామాలోనే ఫైలు హ్యాష్ ఇమిడి ఉంటుంది. కనుక అక్కడ ఇఫ్-రేంజ్ లేకపోయినా సగానికి సగం సరిపోతుంది, చివర ఎస్‌హెచ్‌ఏ-256 పోల్చుకుంటే సందేహం ఉండదు. ఆప్ట్ బై-హ్యాష్ పద్ధతి, జావాస్క్రిప్ట్ ప్యాకేజీ మేనేజర్ ఎన్‌పీఎం లాక్‌ఫైల్‌లోని ఇంటిగ్రిటీ విలువలు, డాకర్ కంటైనర్ లేయర్ల డైజెస్ట్‌లు అన్నీ ఈ కోవలోనివే. చిరునామా ఫైలులోని విషయానికి కట్టుబడి ఉంటే ఎలా కొనసాగించినా ఫర్వాలేదు. చిరునామా కేవలం పేరైతే సర్వర్‌ను ఇఫ్-రేంజ్‌తో అడగాలి, అడిగే వీలు లేకపోతే మొదటి నుంచి తెచ్చుకోవడమే నయం. ఆర్చ్ లైనక్స్ ప్యాకేజీ మేనేజర్ ప్యాక్‌మ్యాన్‌కు బయటి డౌన్‌లోడర్‌గా కొందరు కర్ల్‌ను కొనసాగింపు ఆప్షన్‌తో పెట్టుకుంటారు. వెర్షన్ నంబరు ఫైలు పేరులోనే ఉండడం, చివర సంతకం తనిఖీ జరగడం వల్ల అది అక్కడ నడుస్తుంది.

తెచ్చేది ఒకటి, పంచేది అదే

లోపాలు తేలాక చేసిన ఏర్పాటు సూత్రంలో సులువైనది: బయటి నుంచి తెచ్చే పనిని, కంప్యూటర్లలో ఇన్‌స్టాల్ చేసే పనిని వేరు చేయడం. ఆప్ట్ స్వభావంలోనే ఈ విభజన ఉంది. కావలసిన ప్యాకేజీలన్నీ చేరి తనిఖీ దాటిన తరువాతే అది, వాటిని సిస్టమ్‌లో అమర్చే ప్రోగ్రామ్ అయిన డీపీకేజీని పిలుస్తుంది. డౌన్‌లోడ్ దశలో తెగితే సిస్టమ్‌కు నష్టం లేదు. డీపీకేజీ ఫైళ్లను పరుస్తుండగా కరెంటు పోతే మాత్రం ప్యాకేజీలు సగం అమరిన స్థితిలో ఉంటాయి, అప్పుడు డీపీకేజీని కాన్ఫిగర్ ఆప్షన్‌తో నడిపి పూర్తి చేయాలి. ఈ రెండు రకాల తెగుదలనూ ఒకటిగా చూడడం వల్లనే, డౌన్‌లోడ్ ఆగిందని లాక్ ఫైళ్లు (రెండు ప్రక్రియలు ఒకేసారి నడవకుండా ఆపే ఫైళ్లు) తుడిచేసే ప్రమాదకరమైన చిట్కా ల్యాబ్‌లో వాడుకలోకి వచ్చింది. లాక్ ఉందంటే సాధారణంగా వెనుక ఇంకో ప్రక్రియ నడుస్తోందని అర్థం, దానిని కనుక్కోవాలి గానీ తాళం పగలగొట్టకూడదు.

ఆ వెనుక నడిచే ప్రక్రియ ఇక్కడ చాలాసార్లు ఉబుంటు రోజువారీ అప్‌డేట్ టైమరే. దానికి ఉదయం 6, సాయంత్రం 6 గంటల సమయాలు, వాటి మీద 12 గంటల వరకు యాదృచ్ఛిక ఆలస్యం ఉన్నాయి. రాత్రి ఆఫ్‌లో ఉన్న కంప్యూటర్ తప్పిపోయిన పనిని ఆన్ అయ్యాక, ఆ ఆలస్యానికి లోబడి, అందుకుంటుంది. తరగతి వేళల్లో కంప్యూటర్లన్నీ ఆన్‌లో ఉన్నప్పుడు, ఉన్న ఒక్క కనెక్షన్ మీద వాటి అప్‌డేట్లు కూడా వచ్చి పడేవి. దాంతో విద్యార్థి తెచ్చుకునే ఫైలు గడువు దాటి తెగేది.

అందుకని ఒక పాత కంప్యూటర్‌ను తెచ్చి పంచే సర్వర్‌గా పెట్టాం. అందులో ప్యాకేజీలను దాచి పంచే ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ అనే ప్రోగ్రామ్ 3142 పోర్ట్‌లో నడుస్తుంది, మిగిలిన కంప్యూటర్లలో ఆప్ట్ హెచ్‌టీటీపీ ప్రాక్సీ చిరునామాగా దానిని రాశాం. ఒక కంప్యూటర్ అడిగిన ప్యాకేజీ దానిలో నిలిచిపోతుంది, తరువాతివన్నీ ల్యాబ్ లోపలి నుంచే తీసుకుంటాయి. సర్వర్‌లోని ఆప్ట్ కాన్ఫిగరేషన్‌లో మళ్లీ ప్రయత్నించే సంఖ్యను పెంచాం. ఆప్ట్ కొత్త వెర్షన్లలో మామూలుగా అది 3 ఉంటుంది, మా కరెంటు తీరుకు అది చాలదు. రాత్రి వేళ నెట్ ఖాళీగా ఉన్నప్పుడు కావలసిన ప్యాకేజీలను డౌన్‌లోడ్-ఓన్లీ ఆప్షన్‌తో ముందే తెప్పించే పనిని షెడ్యూల్ చేశాం. పైథాన్ వీల్‌లను పిప్ డౌన్‌లోడ్‌తో ఒక ఫోల్డర్‌లో పోగు చేసి, ల్యాబ్ కంప్యూటర్లు ఇండెక్స్ లేకుండా ఆ ఫోల్డర్ నుంచే ఇన్‌స్టాల్ చేసుకునేలా మార్చాం.

కళాశాల నెట్‌వర్క్ నిర్వాహకులను అడిగింది ఒక్కటే: ఆ ఒక్క సర్వర్‌కు లాగిన్ పేజీ నుంచి మినహాయింపు. ల్యాబ్ మొత్తానికి మినహాయింపు అడిగిన గత విన్నపం తిరస్కరణకు గురైంది, ఒక్క కంప్యూటర్‌కు అంటే అభ్యంతరం రాలేదు. యూపీఎస్ బడ్జెట్ కూడా అలాగే చిన్నదైంది. ల్యాబ్‌లోని ప్రతి బ్యాటరీ మార్చనక్కర్లేదు, సర్వర్‌కూ వరండాలోని స్విచ్‌కూ ఉంటే డౌన్‌లోడ్ సగాలు కరెంటు కోతను దాటుతాయి. మధ్యలో సర్వర్ పెట్టినందువల్ల నమ్మకం తగ్గుతుందా అన్న సందేహం ఒకరికి వచ్చింది. తగ్గదు, ఎందుకంటే ప్రతి కంప్యూటర్ సంతకాన్నీ హ్యాష్‌నూ తనంతట తానే సరిచూసుకుంటుంది. క్యాష్‌లో పాడైన ఫైలు ఉంటే కంప్యూటర్ దానిని తీసుకోదు, మనం చేయాల్సింది సర్వర్‌లో ఆ ఫైలును తొలగించడమే.

ఏర్పాటు పూర్తయ్యాక, కరెంటు కోత ఉన్న రోజునే ఒక కంప్యూటర్‌ను మొదటి నుంచి సిద్ధం చేసి చూశాం. బయటి నెట్ తీసేసి ఉన్నా సర్వర్ నుంచి ప్యాకేజీలన్నీ వచ్చాయి, ఇన్‌స్టాల్ మధ్యలో ఎక్కడా ఆగలేదు.

సిమ్యులేటర్ ఒక్కటి ఇంకా ఈ ఏర్పాటులోకి రాలేదు. దాని సంస్థ లింక్‌లో వెర్షన్ నంబరు ఇవ్వదు, చెక్‌సమ్ (ఫైలు హ్యాష్) ప్రచురించదు. వెర్షన్ ఉన్న స్థిరమైన లింక్, ఎస్‌హెచ్‌ఏ-256 విలువ ఇవ్వమని కళాశాల తరఫున లేఖ రాయించాం. అవి వచ్చే దాకా ఆ ఒక్క ఫైలును సర్వర్‌లో రాత్రిపూట, కొనసాగింపు ఆప్షన్ లేకుండా, ప్రతిసారీ మొదటి నుంచే తెచ్చుకోవాలని, ఒకసారి సరిగ్గా ఇన్‌స్టాల్ అయిన కాపీ హ్యాష్‌ను మేమే తీసి ఫైలు పక్కన రాసి పెట్టుకోవాలని టెక్నీషియన్‌కు రాతపూర్వకంగా ఇచ్చాను.